ఇరవై రెండు బిల్లులు, ఒకే ముద్ర

ఎనిమిది పది. పదకొండు గంటలకు టాక్స్ దర్యాప్తు ఆఫీసర్లు వస్తారు. అంటే సరయు చేతిలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు.

ఆమె కోటు కూడా విప్పకుండా పంటి క్లినిక్ రిసెప్షన్ బల్ల మీద ఇరవై రెండు కాగితాలు పరిచింది. అన్నీ బిల్లుల నకళ్ళు. డాక్టర్ కనకలత లాయరు నానా తంటాలు పడి నిన్న సాయంత్రం సంపాదించి ఇచ్చినవి. అప్పటిదాకా డాక్టరుగారికి అందింది పేర్లూ మొత్తాలూ ఉన్న ఒక ఉత్తరమే. ఆ బిల్లులు ఎలా ఉంటాయో ఆమె కళ్ళతో చూడనే లేదు.

సంగతి ఇదీ. జర్మనీలో పళ్ళకు పెట్టిన ఖర్చు ఆదాయాన్ని బట్టి ఒక హద్దు దాటితే, దాటినంత మేరకు టాక్స్ తగ్గిస్తారు. రిటర్న్‌తో పాటు బిల్లు పంపనక్కర్లేదు, అడిగినప్పుడు చూపిస్తే చాలు. ఈసారి ఫినాన్స్‌ఆమ్ట్ అనే టాక్స్ ఆఫీసువాళ్ళు అడిగారు. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న ఇరవై రెండు మంది తెలుగువాళ్ళు చూపించారు. అందరి బిల్లుల మీదా డాక్టర్ కనకలత పేరే, అందరూ డబ్బు చేతికిచ్చినట్టే ముద్ర. ఆమె పుస్తకాల్లో మాత్రం ఆ ఇరవై రెండు మందిలో ఒక్కరూ లేరు. దానికి ఆఫీసువాళ్ళు ఒకటే అర్థం చెప్పుకున్నారు: డాక్టరు డబ్బు పుచ్చుకుని దాచేసింది.

అదే ఖాయమైతే లైసెన్సు పోతుంది. ఫోయర్‌బాఖ్‌ పేటలో ముప్పై ఎనిమిదేళ్ళుగా గోడకున్న ఆమె పేరు పలక ఊడదీయాలి.

సరయు ఆ దర్యాప్తు శాఖలోనే తొమ్మిదేళ్ళు పనిచేసి, పై అధికారితో పడక బయటికొచ్చి, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. పెట్టాక ఇంతవరకు ఒక్క కేసూ ఓడిపోలేదు. ఆ మాట తనంతట తాను ఎవరితోనూ అనదు. ఎదుటివాళ్ళు అనేదాకా ఓపిగ్గా ఆగుతుంది.

"అమ్మాయ్, ముందు కాఫీ తాగుతావా? లేక ముందు నన్ను ప్రశ్నలు అడిగేస్తావా?"

లోపలి గదిలోంచి డాక్టర్ కనకలత వచ్చింది. డెబ్బై ఒకటో ఏడు. తెనాలిలో పుట్టి, ఇరవై ఏడో ఏట ఈ దేశం వచ్చి, ఇక్కడి పరీక్షలన్నీ మళ్ళీ రాసి నిలబడ్డ మనిషి. తెల్లకోటు ఇస్త్రీ మడతలతో ఉంది. ఇవాళ పేషెంట్లెవరూ లేరని తెలిసీ వేసుకుంది.

"మిమ్మల్ని కాదు డాక్టరుగారూ. ముందు భానుప్రియని."

రిసెప్షన్‌లో ఆరేళ్ళుగా పనిచేస్తున్న భానుప్రియ చున్నీ కొస నలుపుతూ ముందుకొచ్చింది. కాకినాడ పిల్ల. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"స్టాంపు ఎక్కడుంటుంది?"

"ఈ సొరుగులోనండి. తాళం నా దగ్గరే. సాయంత్రం వెళ్ళేటప్పుడు డాక్టరమ్మగారికి ఇచ్చేస్తానండి."

"రోజుకెన్నిసార్లు వాడతావు?"

"రోజుకా? భలేవారే. ఇక్కడ డబ్బు చేతికెవరిస్తారండి? బిల్లు పోస్టులో వెళ్తుంది, వాళ్ళు బ్యాంకులో వేస్తారు. ఏడాదికి నలుగురో అయిదుగురో చేతికిస్తారు. అప్పుడే ఈ 'డబ్బు ముట్టింది' స్టాంపు వేసి, కింద సంతకం పెడతాం."

"ఎవరి సంతకం?"

"నాదేనండి."

సరయు ఒక బిల్లు ఆమె ముందుకు జరిపింది. "ఇది నీదేనా?"

భానుప్రియ వంగి చూసింది. ఓరకంట డాక్టరు వైపు కూడా చూసింది. "కాదండి. అమ్మగారిది."

"నువ్వుండగా ఆవిడెప్పుడైనా ఈ స్టాంపు ముట్టుకుందా?"

"నేనుండగా ఎప్పుడూ లేదండి. నేను సెలవులో ఉంటే తప్ప."

సరయు సొరుగు తెరిపించింది. స్టాంపు తీసి, తెల్లకాగితం మీద గట్టిగా ఒత్తింది. చూసింది. ఇంకోసారి ఒత్తింది. కుడివైపు కింది మూల ముద్ర పడటం లేదు. ఫోన్ నంబరు చివరి రెండు అంకెలున్న చోట తెల్లగా ఖాళీ.

బల్ల మీది బిల్లుల్లో మూల శుభ్రంగా ఉంది. చివరి రెండంకెలూ ఉన్నాయి.

"ఈ మూల ఎప్పుడు విరిగింది?"

భానుప్రియ మొహం ఎర్రబడింది. "నా చేతులోంచే జారిందండి. మా బాబుకి కీటాలో, అదే పిల్లల బడిలో, జ్వరం వచ్చిందని ఫోన్ చేస్తే, ఆ కంగారులో టైల్స్ మీద పడేశాను. రెండు వేల ఇరవై రెండు, ఫిబ్రవరి. కొత్తది చేయిస్తానంటే అమ్మగారు ఒప్పుకోలేదు. పని చేస్తోందిగా, డబ్బులెందుకు దండగ అన్నారు."

ఈ ఇరవై రెండు బిల్లుల మీదా ఉన్న తారీకులు నిరుటివి. ఫిబ్రవరిలో విరిగిన మూల రెండేళ్ళ తర్వాత బిల్లుల మీదికి తిరిగి మొలవదు. సరయు నోట్‌బుక్కులో ఒక గీత గీసింది. ఎనిమిది నలభై.

"ఇప్పుడు మీ వంతు డాక్టరుగారూ. ఇందులో వైద్యం సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పండి."

కనకలత కళ్ళజోడు పెట్టుకుని మొదటి బిల్లు చేతిలోకి తీసుకుంది. రెండో వరస దగ్గర ఆగిపోయింది. పక్క బిల్లు చూసింది. దాని పక్కది చూసింది. ఆ తర్వాత, ఆ ఉత్తరం వచ్చిన మూడు వారాల్లో మొదటిసారి, పకపకా నవ్వింది.

"ముప్పయ్యో నంబరు పంటికి క్యాపు వేశానట! పందొమ్మిదో నంబరుకి రూట్ కెనాల్! ఇదిగో, ఇక్కడ మూడు. ఉత్త మూడు! అమ్మాయ్, ఈ నంబర్లతో నా క్లినిక్‌లో పన్నే లేదే."

"ముప్పై రెండు పళ్ళుంటాయి కదండీ?"

"ఉంటాయి. కానీ మేం వరసపెట్టి లెక్కపెట్టం. నోటిని నాలుగు భాగాలు చేస్తాం, భాగానికి ఎనిమిది పళ్ళు. మొదటి అంకె ఏ భాగమో చెబుతుంది, రెండో అంకె మధ్య నుంచి ఎన్నోదో చెబుతుంది. కింద కుడివైపు నాలుగో భాగం. అందులో ఆరోది నలభై ఆరు. రెండో అంకె సున్నా రాదు, తొమ్మిదీ రాదు. ఒకటి నుంచి ముప్పై రెండు దాకా వరసగా చెప్పేది అమెరికా వాళ్ళు. ఆ నంబర్లలో ఏది ఎక్కడో పుస్తకం తీస్తే గానీ నేను కూడా చెప్పలేను." ఆమె బిల్లును రెండు వేళ్ళతో బల్ల మీద పడేసింది. "దొంగబిల్లు రాస్తే రాశాడు, నా పేరు మీద ఇంత తెలివితక్కువ బిల్లు రాస్తాడా? నాకు అదే మండుతోంది."

ఆ పొగరు చూసి సరయుకి ముచ్చటేసింది. లైసెన్సు పోతుందన్న భయం కంటే, తన పేరు కింద తప్పుడు వైద్యం రాశారన్న రోషమే ఆమెకి ఎక్కువగా ఉంది. "మరి ఫినాన్స్‌ఆమ్ట్ వాళ్ళకి ఇది కనబడలేదేం?" అని భానుప్రియ అడిగితే, సరయే జవాబు చెప్పింది. "వాళ్ళు చూసేది కింద ఉన్న మొత్తం. ఏ పన్నో వాళ్ళకెందుకు? నేనూ తొమ్మిదేళ్ళు అలాగే చూశాను."

కనకలత మళ్ళీ ఒక బిల్లు తీసుకుంది. ఈసారి కింద సంతకం దగ్గర చాలాసేపు చూసి, మాట్లాడకుండా కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. పాపం అలసిపోయింది అనుకుంది సరయు.

ఎనిమిది యాభై ఐదు. జాబితాలో మొదటి పేరు సాయి తేజ. బోబ్లింగెన్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. ఫోన్ ఎత్తేసరికి వెనకాల రైలు అనౌన్స్‌మెంట్ వినబడుతోంది.

"సాయి తేజా, నీకు పళ్ళన్నీ బాగానే ఉన్నాయా?"

"ఎవలక్కా నువ్వు? మంచిగనే ఉన్నయ్. ఏమైంది?"

"డాక్టర్ కనకలత దగ్గర నాలుగు వేల యూరోలు కట్టి రెండు క్యాపులు వేయించుకున్నావట."

 సాయి తేజ గొంతు తగ్గించాడు. "అక్కా, నిజం జెప్తా. ఆమె మొకం గూడ నేను సూడలే. మా రిటర్నులన్నీ శరత్ అన్ననే చేస్తడు. టాక్స్ సైట్ ఎల్స్టర్ పాస్‌వర్డ్ అన్నకే ఇస్తం. ఏం రాసిండో మేం సూడం. పైసలు వాపసొస్తయ్, అందుల ఇరవై పర్సెంట్ అన్నకిస్తం. మొన్న లెటరొస్తే, గాబరా పడకు, నేను బిల్లు పెడతా అన్నడు. ఇంకో నలుగురికి గూడ గిట్లనే."

"మరి డాక్టరే సాయంత్రాలు డబ్బు తీసుకుని బిల్లిచ్చిందని టాక్స్ ఆఫీసుకి రాసిచ్చి సంతకం ఎందుకు పెట్టావు?"

"అట్ల రాస్తే మా మీదికేం రాదన్నడు అక్కా."

ఇంటి తాళం చెవి కూడా ఎవరికీ ఇవ్వని మనవాళ్ళు, టాక్స్ పాస్‌వర్డ్ మాత్రం అడగకముందే అన్న చేతిలో పెడతారు. ఒకే ఊరివాడు, ఒకే యూనివర్సిటీ సీనియర్, పోయినేడు ఫలానావాడికి తొమ్మిది వందలు తెప్పించాడు. అంతే, ఇంకేం చూడరు. సరయు ఈ పద్ధతిని ఆకెన్‌లో చూసింది, డ్రెస్డెన్‌లో చూసింది. తిట్టాలనిపిస్తుంది, కానీ దేశం కాని దేశంలో వాళ్ళు నమ్ముకునేది ఆ అన్నల్నే అని గుర్తొచ్చి ఊరుకుంటుంది. "సాయంత్రం లోపల నిజం రాసి సంతకం పెట్టి పంపించు. అదొక్కటే నిన్ను కాస్తుంది" అని ఫోన్ పెట్టేసింది.

తొమ్మిదిన్నరకి తలుపు తోసుకుని రంగనాథ్ వచ్చాడు, ఆఫీసర్లకి తన రిపోర్టు ఇవ్వడానికి. వెనకాలే శరత్.

రంగనాథ్ స్టుట్‌గార్ట్‌లో ఇంకో తెలుగు డిటెక్టివ్. సరయు కంటే పదేళ్ళ ముందు ఆఫీసు పెట్టాడు, ఆ పదేళ్ళూ కలిసిన ప్రతిసారీ గుర్తుచేస్తాడు. ఇరవై రెండు మంది తరఫున శరత్ ఆయన్ని కుదుర్చుకున్నాడు. శరత్‌కి ముప్పై లోపే. ఖరీదైన చలికోటు, చంకలో ఫైలు, మొహాన పెళ్ళి పెద్ద ధీమా.

"ఏమ్మా సరయూ, ఇంకా బల్ల మీద కాగితాలు పేర్చుకుంటూనే ఉన్నావా? నా రిపోర్టు మొన్ననే టైపయిపోయింది" అన్నాడు రంగనాథ్ కుర్చీ లాక్కుని.

"ఏం రాశారేంటి?"

"ఉన్నదే రాశాను. స్టాంపు ఈ క్లినిక్‌ది. సంతకం ఈ డాక్టరుగారిది. అది నిపుణుడి చేత చూపించాను, ఆవిడదే అన్నాడు. ఇరవై రెండు మంది సంతకాలు పెట్టి చెప్పారు. ఇంకేం కావాలి?"

"స్టాంపు మీరు చూశారా?"

"ముద్ర చూశాగా."

"ముద్ర కాదు రంగనాథ్‌గారూ, స్టాంపు. చెక్క పిడి, రబ్బరు. సొరుగులో ఉంటుందే, అది."

 సరయు తను ఒత్తిన కాగితం ఆయన ముందు పెట్టి విరిగిన మూల చూపించింది. ఎప్పుడు విరిగిందో భానుప్రియ చేత చెప్పించింది. ఆయన కాలరు సవరించుకున్నాడు.

"పాత స్టాంపు ఇంకోటి ఉందేమో?"

"లేదు. అదీ కాక, ఇటు చూడండి."

గోడకి ఎక్స్‌రేలు తగిలించి చూసే పాత లైటు పెట్టె ఉంది. కంప్యూటర్లు వచ్చాక కూడా కనకలత దాన్ని తీయనివ్వలేదు. సరయు స్విచ్ వేసి, రెండు బిల్లులు ఒకదాని మీద ఒకటి పెట్టింది. స్టాంపు మీద స్టాంపు, సంతకం మీద సంతకం, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి. మూడోది పెట్టింది. నాలుగోది పెట్టింది. వెలుతురులో కనబడుతున్నది ఒక్కటే ముద్ర, కొంచెం ఎడమకి ఒరిగి.

"ఇప్పుడు మీరు ఒక తెల్లకాగితం మీద మూడుసార్లు ఒత్తండి. మూడూ ఒకేలా పడితే నా ఫీజు మీకిచ్చేస్తా."

రంగనాథ్ ఒత్తలేదు. ఇరవయ్యేళ్ళు ఈ పనిలో ఉన్నవాడు, అర్థమైపోయింది. మొహం చిన్నబోయినా నోరు మాత్రం తగ్గలేదు. "సరే. ఇవన్నీ ఒకే బిల్లు నుంచి తీసిన కాపీలు. ఒప్పుకున్నా. ఆ ఒక్క బిల్లూ ఎవరిచ్చారు? ఈవిడే ఇచ్చి ఉండాలిగా?"

మంచి ప్రశ్న. సరయుకీ అదే ప్రశ్న లోపల గుచ్చుకుంటోంది. అయినా బయటికి కనబడనివ్వలేదు. శరత్ వైపు తిరిగింది. తొమ్మిది యాభై.

"శరత్, నువ్వే కదా వీళ్ళందరికీ రిటర్నులు చేసింది?"

"హా మేడమ్. హెల్ప్ చేసిన అంతే. ఎవలు టైం ఇస్తరు ఈ కాలంల? నేను నూటరెండు ఫ్యామిలీలకి రిఫండ్ తెప్పించిన. అడగండి ఎవలినైనా."

"గొప్ప విషయమే. మరి పళ్ళ ఖర్చు పెట్టేముందు వాళ్ళని అడిగే పెట్టావా?"

"అడగకుండ ఎట్ల పెడతా మేడమ్? బిల్లులు తెచ్చిచ్చిన్రు, నేను టైప్ కొట్టిన. మెడికల్ సంగతి నాకేం తెల్వదు."

"నాకూ తెలియదు. అందుకే తికమకగా ఉంది." సరయు ఒక బిల్లు తీసి, అమాయకంగా మొహం పెట్టింది. "నీ ఫ్రెండ్ సాయి తేజది. ఫినాన్స్‌ఆమ్ట్ వాళ్ళు, వైద్యం నిజంగా జరిగిందో లేదో నోరు తెరిపించి చూస్తారట. పదకొండింటికి వస్తున్నారు. పంటి నంబరు పందొమ్మిది అని రాసుంది. పందొమ్మిది అంటే ఎక్కడ చూడాలి వాళ్ళు?"

"అది ఇక్కడ..." శరత్ చెయ్యి దానంతటదే లేచి ఎడమ దవడ కింద తాకింది. "కింద, లెఫ్ట్‌ల, ఫస్ట్ మోలార్."

"ముప్పై?"

"అది రైట్‌ల. సేమ్ పన్ను, ఇటుపక్క."

"మూడు?"

"పైన..." అని ఆగిపోయాడు.

 భానుప్రియ నోరు తెరుచుకుని చూస్తోంది. ఆరేళ్ళుగా రోజూ పంటి నంబర్లు రాసే ఆమెకి తెలియనిది, మెడికల్ సంగతి తెలియని శరత్‌కి వేళ్ళ కొసన ఉంది.

"బిల్లులో ఎడమా కుడీ అని రాసిలేదు శరత్. నంబరొక్కటే ఉంది. అది కూడా ఈ దేశంలో లేని నంబరు. ఇక్కడ పందొమ్మిదో పన్నూ లేదు, ముప్పయ్యోదీ లేదు." సరయు గొంతు పెంచలేదు. "అమెరికా డెంటల్ క్లెయిములు ఎక్కడ చేశావు? హైదరాబాద్‌లోనేనా?"

"మాదాపూర్ల..." మాట జారిపోయాక పెదవి కొరుక్కున్నాడు. "రెండేండ్లు. అయితే ఏంది? జాబ్ చేసుడు గూడ తప్పేనా?"

"ఏ తప్పూ లేదు. కష్టమైన ఉద్యోగం. రెండేళ్ళు రాత్రిళ్ళు కూర్చుని వేల క్లెయిములు టైపు చేసుంటావు. ఆ నంబర్లు అలా చేతిలో ఉండిపోయాయి. ఇరవై రెండు బిల్లుల్లోనూ ఒకే పన్ను రాస్తే పట్టుకుంటారని మార్చి మార్చి రాశావు. మార్చేటప్పుడు నీ చెయ్యి మాదాపూర్‌లో నేర్చుకున్నదే రాసింది."

రంగనాథ్ కుర్చీ శరత్ వైపు తిప్పాడు. "నాకెందుకు చెప్పలేదయ్యా ఈ ముక్క? నేను అడిగానా లేదా, ఇండియాలో ఏం చేశావని?"

"ఐటీ అని చెప్పిన గద సార్!"

"చచ్చాను" అన్నాడు రంగనాథ్.

సరయుకి ఆ క్షణం ఎంత బాగుందో చెప్పలేం. దర్యాప్తు శాఖలో పెద్ద పెద్ద కంప్యూటర్లు, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న రంగనాథ్, అందరి కళ్ళూ దాటి వచ్చిన దొంగ ఆమె ముందు తన దవడ తానే పట్టి చూపించాడు. లోపల ఒక చిన్న పిల్ల ఎగిరి గంతేసినంత గర్వపడింది. పది ఇరవై.

ఆ గర్వం, అదంతా ఆఫీసర్ల కోసం వరసగా రాసుకున్న పదిహేను నిమిషాలే నిలిచింది.

ఎందుకంటే శరత్ ఏడవలేదు, బతిమాలలేదు. మెల్లగా ఫైలు విప్పి, అడుగునున్న ఒక బిల్లు తీసి బల్ల మీద పెట్టాడు. కాగితం కాస్త పసుపెక్కింది. స్టాంపు కొంచెం ఎడమకి ఒరిగి ఉంది. సిరా నీలంగా ఉంది.

"ఇది కాపీ కాదు మేడమ్. ఒరిజినల్. పేరు సదువుకోండి."

పేరు శరత్‌దే. రెండు వేల ఇరవై ఒకటి, నవంబరు పదిహేడు. క్యాపు ఒకటి, నలభై ఆరో నంబరు. ఇన్సూరెన్స్ పోగా పేషెంటు వాటా ఆరు వందల నలభై యూరోలు. డబ్బు ముట్టింది. కింద కనకలత సంతకం.

"నలభై ఆరు అని ఇంత స్పష్టంగా ఉంటే చూసుకోలేదా?" అంది సరయు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అదేదో బిల్లింగ్ కోడ్ అనుకున్న. సరే, నేను దొంగనే. మరి అది? దానికి నేను ఒక్క సెంట్ గూడ కట్టలే. కట్టినట్టు రాసిచ్చింది ఎవలు? దాన్ని నేను ఆ ఏడు రిటర్న్‌ల పెట్టుకున్న గూడ. నేను లోపలికి పోతే ఈ కాగితం పట్టుకునే పోత. ఒకటి అబద్ధమని తేలినంక, మిగిలిన ఇరవై రెండు ఆమెకు తెల్వకుండ అయినయ్ అంటే ఎవలు నమ్ముతరు?"

సరయు డాక్టరు వైపు చూసింది. చూడగానే తెలిసిపోయింది, ఇందాక సంతకం దగ్గర ఆమె ఎందుకు ఆగిందో. అలసట కాదది.

"నిజమేనా డాక్టరుగారూ?"

"నిజమే." కనకలత కుర్చీలో నిటారుగా కూర్చుంది. "భానుప్రియ చెల్లెలి పెళ్ళికి ఇండియా వెళ్ళింది అప్పుడు. ఈ అబ్బాయి దవడ ఇంత లావు వాచి వచ్చాడు. చదువుకుంటున్నాడు, ఇంటి మీటె, అదే అద్దె, కట్టడానికే చేతిలో లేదన్నాడు. పన్ను పీకేస్తే వంద యూరోలతో పోతుంది, పీకేయండి డాక్టరుగారూ అన్నాడు. పాతికేళ్ళ కుర్రాడి దవడ పన్ను పీకడానికి నా చెయ్యి రాలేదు. చేసేశాను. బిల్లు పుట్టాక అది కట్టకపోతే మూడు నెలలకోసారి హెచ్చరిక ఉత్తరం వెళ్తుంది, అది చూసి బెదిరిపోతాడని, నా పర్సులోంచి ఆరు వందల నలభై తీసి డబ్బుపెట్టెలో వేసి, ముట్టిందని స్టాంపు వేశాను. పుస్తకంలో రాశాను. దాని మీద టాక్స్ కూడా నేనే కట్టాను."

"అడిగిన్నా నేను?" అన్నాడు శరత్. గొంతులో దూకుడు ఉంది గానీ, చూపు మాత్రం ఆమె మొహం మీద నిలవలేదు.

భానుప్రియ ఒక్కసారిగా మీదికొచ్చింది. "ఆ పన్నుతోనే అన్నం తింటున్నావు కదరా! అమ్మగారు పెట్టిన పన్నుతో నములుతూ అమ్మగారి పేరే..."

"భానూ" అంది కనకలత. భానుప్రియ ఆగిపోయింది.

పది నలభై ఐదు. సరయు బుర్ర గబగబా పనిచేసింది. డాక్టరు పుస్తకంలో ఆరు వందల నలభై వచ్చినట్టు ఉంది. బిల్లు ఉంది. స్టాంపు ఉంది. కట్టలేదని చెబుతున్నవాడు దొంగబిల్లుల మనిషి. ఈ గదిలో ఉన్నవాళ్ళు నోరు మూసుకుంటే వాడి మాటని కుక్క కూడా నమ్మదు.

"డాక్టరుగారూ," అంది గొంతు తగ్గించి, "మీరేం చెప్పనక్కర్లేదు. పుస్తకంలో ఉన్నదే ఉంటుంది. వాడు కట్టాడు, మీరు తీసుకున్నారు. అంతే."

అనేశాక తన మాటలు తన చెవికే అసహ్యంగా వినబడ్డాయి. తొమ్మిదేళ్ళు బల్లకి అటువైపు కూర్చుని ఇలాంటి సలహాలిచ్చేవాళ్ళనే ఆమె పట్టుకుంది.

ఆశ్చర్యం, రంగనాథ్ కూడా అదే పాట పాడాడు. "అమ్మాయి చెప్పింది నిజమే డాక్టరుగారూ. నేను వీడి తరఫు మనిషిని, అయినా చెబుతున్నా. మీరు ఊరుకుంటే బతికిపోతారు. నిజం చెబితే తప్పుడు రసీదు ఇచ్చారంటారు. ఈ వయసులో ఆ విచారణలూ అవీ మీ వల్ల కాదు."

కనకలత ఇద్దరినీ చూసింది. కోపం లేదు ఆ చూపులో. కాస్త జాలి ఉంది.

"నలభై ఏళ్ళకి పైగా ఈ దేశంలో ఉన్నాను. మొదట్లో నా చేతులు చూసి, వేరే డాక్టరు లేడా అని అడిగినవాళ్ళున్నారు. వాళ్ళే తర్వాత మనవల్ని తీసుకొచ్చారు. నేను అందంగా మాట్లాడి తెచ్చుకోలేదు ఆ నమ్మకం. నా నోట్లోంచి వచ్చింది ఒకటీ, రాసింది ఒకటీ కాదని తెలిసి వచ్చారు. ఇవాళ నన్ను నేను కాపాడుకోవడానికి, వీడు కట్టాడు అని నేను చెప్పాలా? వీడు నా పేరు ఇరవై రెండు సార్లు పాడుచేశాడు. ఇరవై మూడోసారి నాచేతే చేయిస్తారా?"

ఆమె కళ్ళజోడు తీసి కోటు జేబులో పెట్టుకుంది.

"పోతే లైసెన్సు పోతుంది" అంది మళ్ళీ. "పోతే బాధపడతాను. చాలా బాధపడతాను. ఈ గదికి తాళం వేయడం నా వల్ల కాదేమో. కానీ అబద్ధం చెప్పి ఈ కోటు వేసుకుని ఇక్కడ నిలబడటం అంతకంటే నా వల్ల కాదు."

శరత్ బల్ల మీది ఒరిజినల్ బిల్లు వెనక్కి లాక్కోబోయాడు. ఇప్పుడది ఆయుధంగా పనికిరాదని తెలిసింది కాబోలు. సరయు ముందుగా దాని మీద చెయ్యి పెట్టింది. "అది ఇక్కడే ఉంటుంది. అది డాక్టరుగారి కాగితం."

బెల్ మోగింది. పది యాభై ఎనిమిది. ఈ దేశంలో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉందంటే రెండు నిమిషాల ముందే.

తలుపు తీయడానికి భానుప్రియ కదిలితే కనకలత చేత్తో ఆపింది. కోటు బొత్తాలు సరిచూసుకుంది. బల్ల మీది ఆ పసుపెక్కిన బిల్లు సరయు చేతి కింద నుంచి తీసుకుంది. ఆమె పక్కనుంచి వెళ్తుంటే రంగనాథ్ లేచి నిలబడ్డాడు. వచ్చినప్పటి నుంచి ఆయన కుర్చీలోంచి లేవడం అదే మొదటిసారి.

సరయు ఆ వెనకాలే నడిచింది. కేసు గెలిచిందో ఓడిందో ఆమెకి తెలియలేదు. ఈ మనిషి తన క్లయింటు అని చెప్పుకోవడానికి మాత్రం ఎన్నడూ లేనంత గర్వంగా ఉంది.

గుమ్మంలో టాక్స్ దర్యాప్తు ఆఫీసరు ఫ్రావ్ బ్రెండ్లే, ఆమె వెనక ఖాళీ అట్టపెట్టెలతో ఇద్దరు మనుషులు. ఆమె చేతిలో వారెంటు కాగితం. అది చదవడానికి నోరు తెరిచేలోపే కనకలత ఏ తొట్రుపాటూ లేని జర్మన్‌లో మాట్లాడింది.

"లోపలికి రండి. మీ దగ్గరున్న ఇరవై రెండు బిల్లులూ నావి కావు. ఎందుకు కావో ఈ అమ్మాయి చూపిస్తుంది." చేతిలో కాగితం ముందుకు చాచింది. "మీ దగ్గర లేనిది ఇంకొకటుంది. ఇది నాదే. ముందు దీని సంగతి రాసుకోండి."